బొంత కింద బార్లీ

మా తాత తాళ్లెక్కేవాడు. నల్లగొండ జిల్లాలో మా ఊరి చెరువు కింద తాటివనం ఉంది. పొద్దు పొడవకముందే మోకు, ముస్తాదుతో ఏదో ఒక చెట్టుమీద ఉండేవాడు. ఆయనకు జన్మంతా వేడితోనే పేచీ. ఎండకాలంలో లొట్టి దించడం కాస్త ఆలస్యమైందా, కల్లు నురగలు కక్కి మధ్యాహ్నానికి పుల్లబడేది. లొట్లకు తడిగుడ్డ చుట్టేవాడు, నీడ వెతికి పెట్టేవాడు, పొద్దెక్కకముందే అమ్ముడుపోవాలని తొందరపడేవాడు. "పులిసేదాన్ని ఆపలేం బిడ్డా, జర ఎనక్కి గుంజుతం, అంతే" అనేవాడు.

ఆయన మనవణ్ని నేను. నా పేచీ చలితో మొదలైంది.

మినియాపోలిస్‌లో చదువుకునే రోజుల్లో, అద్దెకున్న పాత ఇంటి నేలమాళిగలో బీరు కాచేవాణ్ని. ఇంట్లో తాగడానికి ఇంట్లోనే బీరు చేసుకోవడాన్ని 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం అనుమతించింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు ఏడాదికి 200 గాలన్ల వరకూ కాచుకోవచ్చు. నేను కాచింది దాంట్లో ఏ మూలకూ రాదు. ఒకసారికి 5 గాలన్లు, అంటే 19 లీటర్లు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, తీపినీరు వడగట్టి, హాప్ పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ప్లాస్టిక్ బకెట్లో పోసి ఈస్ట్ చల్లడం. తర్వాత మూత బిగించి, గాలి బయటికి పోయే గొట్టంలో బుడగలు ఎప్పుడొస్తాయా అని కూర్చోవడం.

ఆ జనవరిలో బుడగలు రాలేదు. నేలమాళిగలో ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. నేను వేసిన ఏల్ ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీలు కావాలి. జర్మన్లు లాగర్ బీరుకు వాడే ఈస్ట్ అయితే 10 డిగ్రీల దగ్గర కూడా ఓపికగా పనిచేస్తుంది, కానీ నా దగ్గరున్నది అది కాదు. చలికి ముడుచుకొని అడుగున తెల్లటి బురదలా పేరుకుపోయింది. చావలేదు, నిద్రపోయింది. అమ్మకు ఫోన్ చేస్తే, ఇడ్లీపిండి గురించి అడుగుతున్నాననుకొని చెప్పింది. "చలికి పిండి ఎట్ల పులుస్తది? బొంత కప్పు." బకెట్‌కు రెండు దుప్పట్లు చుట్టాను. మర్నాడు చూస్తే బీరు 11 డిగ్రీలే. మూడోనాడూ 11 డిగ్రీలే.

ఆ ఇంటి పైగదిలో లద్దాఖ్ నుంచి వచ్చిన మిత్రుడొకడు ఉండేవాడు. నేలమాళిగలోకి దిగి, చుట్టిన బకెట్‌ను తట్టి చూసి, నెమ్మదిగా అన్నాడు. "చల్లగా ఉన్నదాన్ని కప్పావు. అది చల్లగానే ఉంటుంది. మా అమ్మ ఛాంగ్ పెట్టేటప్పుడు చూడాలి నువ్వు. ఒకసారి లోసర్‌కు రా." ఛాంగ్ అంటే వాళ్లు ఇంట్లో పెట్టుకునే బార్లీ బీరు, లోసర్ అంటే వాళ్ల కొత్త సంవత్సరం పండగ.

ఆ బీరును చివరికి చేపలతొట్టి హీటర్‌తో కాపాడుకున్నాను. పెద్ద టబ్బులో నీళ్లు పోసి, హీటర్ వేసి, బకెట్‌ను ఆ నీళ్లలో నిలబెట్టి, అడుగున పేరుకున్న ఈస్ట్ లేచేలా మెల్లగా గుండ్రంగా తిప్పితే రెండోరోజుకు బుడగలు మొదలయ్యాయి. కానీ మిత్రుడి మాట మనసులో ఉండిపోయింది. కరెంటు తీగె లేకుండా, గడ్డకట్టే చలిలో, వేల అడుగుల ఎత్తున ఆ తల్లి ఏం చేస్తుంది? చూడ్డానికి వెళ్లేసరికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేశాను, తాత లేడు.

*

డిసెంబరు మొదట్లో ఢిల్లీ నుంచి లేహ్‌కు దిగాను. విమానం తలుపు తీయగానే లోపలికి వచ్చిన గాలి ముక్కులో వెంట్రుకల్ని గడ్డకట్టించింది. లేహ్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. రెండు రోజులు మంచం దిగకుండా నీళ్లు తాగుతూ పడుకోమన్నాడు మిత్రుడు. అలాగే చేశాను. మూడోరోజు అతను కారు తెచ్చాడు. లేహ్ నుంచి పడమరగా, సింధునది వెంట, 35 కిలోమీటర్లు పోతే వాళ్ల ఊరు నిమ్మూ.

దారిలో ఫే దగ్గర, నది ఒడ్డున ఒక బడి ప్రాంగణాన్ని దూరం నుంచే చూపించాడు. సెక్మాల్ వాళ్లది. 1988లో మొదలైన సంస్థ. చలికాలమంతా పొయ్యి వెలిగించకుండానే అక్కడ పిల్లలు వెచ్చగా చదువుకుంటారట. దక్షిణం వైపు అద్దాలు, మిగతా మూడువైపులా మందపాటి మట్టిగోడలు. పగలు ఎండను గోడలు తాగుతాయి, రాత్రి వదులుతాయి. కిటికీ అద్దానికి ముఖం ఆనించి విన్నాను. ఆ గోడల సంగతి వారం తిరక్కుండానే మళ్లీ గుర్తొస్తుందని అప్పుడు తెలియదు.

నిమ్మూకు కాస్త ముందు జాంస్కార్ నది వచ్చి సింధులో కలుస్తుంది. పైనుంచి చూస్తే రెండు రంగుల నీళ్లు, వాటిమీద తేలిపోతున్న మంచుపలకలు. ఊళ్లో నేరేడుపండు రంగుకు తిరిగిన కొమ్మలతో ఆప్రికాట్ చెట్లు ఆకు లేకుండా నిలబడ్డాయి. ప్రతి మిద్దెమీదా పశువులకు దాచిన ఎండుగడ్డి.

వాళ్లమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి "జుల్లే" అంది. నేనూ జుల్లే అన్నాను. ఆమెను ఎలా పిలవాలని మిత్రుణ్ని అడిగితే "ఆమా-లే" అన్నాడు. ఆమా అంటే అమ్మ, లే అంటే మన 'గారు'. అమ్మగారు. ఆ క్షణం నుంచి నాకు ఆ ఇంట్లో పరాయితనం పోయింది.

లద్దాఖీ ఇల్లు చలికాలంలో ఒకే గదిలోకి కుదించుకుపోతుంది. ఆ గది ఛన్సా, వంటిల్లు. మిగతా గదులన్నీ తలుపులు మూసి వదిలేస్తారు. మట్టి ఇటుకల గోడలు నా మూర కంటే మందం. నేల మీద ఉన్ని తివాచీలు, వాటి ముందు నగిషీ చెక్కిన పొట్టి బల్లలు, గోడంతా అరల్లో మెరిసే రాగి, ఇత్తడి పాత్రలు. మధ్యలో పెద్ద ఇనుప పొయ్యి. అందులో ఎండిన పేడ, విల్లో పుల్లలు. కింది అంతస్తులో పశువులు. వాటి ఊపిరి వెచ్చదనం కూడా నేలలోంచి పైకి వస్తుందని మిత్రుడు అన్నాడు. అరచెయ్యి నేలకు ఆనించి చూశాను. గోడ పక్కన కంటే అక్కడ నిజంగానే చలి తక్కువ.

"సరైన వేళకు వచ్చావు, లోసర్‌కు పదమూడు రోజులుంది, రేపే నస్ ఉడికిస్తున్నాం" అంది ఆమా-లే, కొడుకు హిందీలో చెప్పగా. నస్ అంటే వాళ్ల బార్లీ, పొట్టు దానంతటదే ఊడిపోయే రకం. టిబెటన్లు లోసర్ ఫిబ్రవరి, మార్చిల్లో చేసుకుంటారు. లద్దాఖీలు రెండు నెలలు ముందే చేస్తారు. నాలుగు వందల ఏళ్ల కింద జమ్యాంగ్ నమ్‌గ్యాల్ అనే రాజు బాల్టిస్తాన్ మీద యుద్ధానికి పోతూ, తిరిగి వస్తామో రామో అని పండగ ముందే చేసేసుకున్నాడని, అప్పట్నుంచి అదే ఆనవాయితీ అయిందని చెప్పుకుంటారు. ఆ ముందుకు జరిపిన పండగ వల్ల ఛాంగ్ పెట్టే పని సరిగ్గా డిసెంబరు చలి నడిబొడ్డున పడింది.

*

మర్నాడు పొద్దున్నే పది కిలోల బార్లీ పొయ్యిమీదికి ఎక్కింది. ఆ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలకు అటూఇటూ మరుగుతాయి. అందుకని గింజ ఉడకడానికి మన దగ్గర కంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. ఆమా-లేకు తొందర లేదు. నీళ్లు ఇగిరి, గింజ పగిలీ పగలకుండా మెత్తబడేదాకా పొయ్యి పక్కనే కూర్చొని, మధ్యమధ్య నాకు వెన్న వేసిన ఉప్పుటీ పోస్తూనే ఉంది. వద్దంటే "దోన్-లే, దోన్-లే" అంటుంది. పుచ్చుకోండి అని. అక్కడ రెండుసార్లు వద్దనడం మర్యాద, మూడోసారి తీసుకోవడం మర్యాద. ఇది మాత్రం నాకు నేర్పనక్కర్లేదు, మా నాయినమ్మ ఇంట్లోనూ అంతే.

ఉడికిన బార్లీని తెల్లగుడ్డ మీద పరిచింది. ఇక్కణ్నుంచి ఆమె చేతులు మారిపోయాయి. అప్పటిదాకా నిదానంగా ఉన్న మనిషి గింజల్ని కలబోస్తూ, అంచుల్ని మధ్యకు తోస్తూ, మళ్లీ పరుస్తూ గుడ్డ చుట్టూ తిరిగింది. వంటింట్లో కూడా చలి ఉంది కాబట్టి అంచులు ఇట్టే చల్లబడతాయి, నడుమ మాత్రం పొగలు కక్కుతూనే ఉంటుంది. రెండూ ఒకటి కావాలి. మధ్యమధ్య గుప్పెడు తీసి చెంపకు ఆనించుకుంది. ఒకసారి నా చెయ్యి పట్టుకొని మణికట్టు లోపలివైపు పెట్టింది. నేను థర్మామీటర్ తీశాను. 33 డిగ్రీలు.

గోరువెచ్చన. అమ్మ పాలలో వేలు ముంచి చూసి తోడు వేసే వేడి అదే. మన భాషలో ఇంత కచ్చితమైన కొలత ఉందని నాకు ఆ గుడ్డ దగ్గర కూర్చున్నప్పుడే తట్టింది. గోటికి వేడి తెలియదు. దానికి వెచ్చగా తోచీ తోచనంత ఉంటేనే తోడు బతుకుతుంది.

ఆమా-లే తోడు పేరు ఫబ్స్. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద తెల్లటి బిళ్ల. నుబ్రా వైపు నుంచి తెప్పించుకుంటారట. రోట్లో నూరి, కాస్త పిండి కలిపి, గింజల మీద చల్లి, రెండు చేతులా పొర్లించింది. పది కిలోలకు పడింది గుప్పెడు కూడా లేదు.

బీరు కాచేవాళ్లకు ఇక్కడో ముఖ్యమైన తేడా చెప్పాలి. మినియాపోలిస్‌లో నేను చేసిన పనిలో బార్లీలోని పిండిని చక్కెరగా మార్చింది మొలక. మొలకెత్తిన గింజలో పుట్టే ఎంజైములు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటలో ఆ పని ముగిస్తాయి. తర్వాత ఈస్ట్ వంతు. ఛాంగ్‌లో మొలక లేదు. ఫబ్స్‌లో ఈస్ట్‌తో పాటు బూజు కూడా ఉంటుంది. బూజు పిండిని కరిగించి చక్కెర చేస్తుంటే, పక్కనే ఈస్ట్ ఆ చక్కెరను తింటూ ఉంటుంది. రెండూ ఒకే సంచిలో, ఒకేసారి. బూజుకు 30 డిగ్రీల చుట్టుపక్కల వెచ్చదనం లేకపోతే పిండి కరగదు, పిండి కరగకపోతే ఈస్ట్‌కు తిండి లేదు. అందుకే ఛాంగ్‌లో మొదటి రెండుమూడు రోజుల వెచ్చదనం బీరులో కంటే ఎక్కువ అవసరం. ఆమా-లే మాటల్లో అయితే, "మొదటి రాత్రి చలి తగిలితే గింజ గింజగానే ఉంటుంది."

గింజల్ని సంచిలో పోసి మూతి కట్టింది. పొయ్యికి మూరన్నర దూరంలో, మూలన, ఎండుగడ్డి మందంగా పరిచి దానిమీద నిలబెట్టింది. చుట్టూ ఒక పాత గొంఛా చుట్టింది, అక్కడివాళ్లు వేసుకునే మందపాటి ఉన్ని అంగీ. దానిమీద రెండు రజాయిలు. సందుల్లో మళ్లీ గడ్డి కూరింది. అయినా ఏదో తక్కువైందన్నట్టు నా వైపు చూసింది. నాకిచ్చిన మూడు దుప్పట్లలో ఒకటి తెచ్చి ఇచ్చాను. తీసుకొని సంచి మెడ చుట్టూ, పసిపిల్లకు చుట్టినట్టు చుట్టింది.

పొయ్యికి ఇంకా దగ్గరగా పెట్టొచ్చు కదా అని అడిగాను. వేలు ఊపింది. పొయ్యివైపు కాలుతుంది, గోడవైపు వణుకుతుంది, ఒకే సంచిలో రెండు రుతువులు పెట్టకూడదు అంది.

*

నాకొక పరీక్ష చేయాలనిపించింది. ఆ ఇంటికి దక్షిణం వైపు షెల్‌ఖాంగ్ ఉంది, అద్దాల గది. ఈమధ్య కట్టిన ఇళ్లన్నింటికీ ఉంటోంది. పగలు పదకొండింటికి అందులో కూర్చుంటే స్వెట్టర్ తీసేయాల్సిందే. పొయ్యిలో పుల్ల కాల్చనక్కర్లేకుండా ఇంత వేడి దొరుకుతుంటే ఛాంగ్ అక్కడ పెట్టకపోవడమేమిటని నాకు తోచింది. ఆమా-లేను అడిగితే కాసేపు ఆలోచించి, ఒక కిలో గింజలు వేరే చిన్న సంచిలో కట్టి ఇచ్చింది. నేను దానికి ఒక తువ్వాలు, ఒక శాలువా చుట్టి అద్దాల గదిలో పెట్టి థర్మామీటర్ గుచ్చాను.

ఆ రాత్రి తొమ్మిదింటికి అది 9 డిగ్రీలు. తెల్లవారి ఆరింటికి 2 డిగ్రీలు. మధ్యాహ్నానికి 27కు ఎగబాకింది. మళ్లీ రాత్రికి పడిపోయింది. రెండోరోజు తీసి వాసన చూస్తే తీపి లేదు, ఏదో తడిసిన గోనె వాసన. గింజలు విడివిడిగా, గట్టిగా ఉన్నాయి.

ఫే దగ్గర విన్న మాట అప్పుడు అర్థమైంది. అద్దం వేడిని తెస్తుంది, నిలపదు. నిలిపేది మందపాటి మట్టిగోడ. నా అద్దాల గదికి గోడల్లేవు, కిలో గింజలకు బరువు లేదు. చిన్న సంచి ఎంత త్వరగా వేడెక్కుతుందో అంత త్వరగా చల్లారుతుంది. వెచ్చదనం రోజుకు సగటున ఎంత ఉందన్నది ఆ జీవులకు పట్టదు. అవి పగలు లేచి రాత్రి ముడుచుకుంటూ ఉంటే, ఆ సందులో పనికిమాలిన పులుపు క్రిములు చేరతాయి. మోస్తరు వేడే అయినా అది రాత్రింబవళ్లు ఒకేలా ఉండాలి. ఇంట్లో బీరు కాచేవాళ్లెవరైనా ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం కష్టాలు పోతాయని నా గట్టి నమ్మకం. పగలు హీటర్ వేసి రాత్రి ఆపేసే గ్యారేజీ కంటే, రోజంతా 17 డిగ్రీలుండే అలమర మేలు.

పెద్ద సంచి మాత్రం వేరే లోకంలో ఉంది. మూడోరాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ ఎత్తులో నిద్ర పలచన, దానికి తోడు ఒక దుప్పటి తక్కువ. నాలుగింటికి లేచి వంటింట్లోకి వచ్చాను. పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది. బయట మైనస్ 14. గదిలో 4 డిగ్రీలు. తాగేనీళ్ల బిందె మూత ముట్టుకుంటే జిల్లుమంది. టార్చి వేసి, మూలకు పోయి, రజాయిల మధ్యనుంచి చెయ్యి లోపలికి దూర్చాను.

వేడి.

వెచ్చదనం కాదు, వేడి. జ్వరం వచ్చిన పిల్ల ఒంటిమీద చెయ్యేసినట్టుంది. థర్మామీటర్ 37 చూపించింది. మేం పెట్టింది 33కు. పొయ్యి చచ్చిపోయిన గదిలో, గడ్డకట్టే రాత్రిలో, ఎవరూ ఏమీ చేయకుండా ఆ సంచి నాలుగు డిగ్రీలు ఎక్కింది. సంచి కింద గడ్డి తడిగా ఉంది. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. తేనెలాంటి తీపి, దానివెనక ఆపిల్ వాసన.

అక్కడే, ఆ గడ్డిమీద కూర్చుండిపోయాను. మా నేలమాళిగ గుర్తొచ్చింది. పులవడం అంటేనే వేడి పుట్టడం. ఒక్కో గ్రాము చక్కెరను ఈస్ట్ తింటున్నప్పుడు సగం కిలోజౌల్ కంటే కాస్త ఎక్కువ వేడి బయటికి వస్తుంది. ఇరవై లీటర్ల బీరులో రెండు కిలోల చక్కెర పులుస్తుందనుకుంటే, ఆ వేడి బొత్తిగా బయటికి పోకుండా ఆపగలిగితే, బీరు దానంతటదే 12, 13 డిగ్రీలు వేడెక్కాలి. అంత ఆపలేం, కొంత పోతుంది. కానీ పొయ్యి లోపలే ఉంది. నా బకెట్లోనూ ఉండింది. దాన్ని 11 డిగ్రీల దగ్గర పెట్టి, వెలగకముందే ఆర్పేశాను. చలికి ఈస్ట్ మందగిస్తే వేడి తక్కువ పుడుతుంది. ఆ కాస్త వేడిని నేలమాళిగ లాగేసుకుంటుంది. ఇంకా చల్లబడి ఈస్ట్ ఇంకా మందగిస్తుంది. అదే గోరువెచ్చగా మొదలుపెట్టి ఉంటే ఈ చక్రం ఎదురు తిరిగేది. వెచ్చదనం ఈస్ట్‌ను లేపుతుంది, లేచిన ఈస్ట్ వెచ్చదనాన్ని పెంచుతుంది. బొంత పని దాన్ని కాపాడటమే. అమ్మ చెప్పినది తప్పు కాదు. పిండి రుబ్బగానే గ్రైండర్ వేడితో వెచ్చగా ఉంటుంది, దాన్ని కప్పమంది. నేను చల్లారినదాన్ని కప్పాను.

నార్వేలో వోస్ ప్రాంతపు రైతుల గురించి చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. వాళ్ల ఇళ్లలో తరతరాలుగా దాచుకున్న క్వైక్ అనే ఈస్ట్ ఉంది. బీరును పూర్తిగా చల్లార్చకుండా 40 డిగ్రీల దగ్గరే ఆ ఈస్ట్ కలిపి, తొట్టి చుట్టూ దుప్పట్లు కప్పేస్తారు. మామూలు ఏల్ ఈస్ట్‌ను ఆ వేడిలో వేస్తే బీరు ఘాటెక్కి తాగలేనట్టు తయారవుతుంది. క్వైక్ మాత్రం రెండుమూడు రోజుల్లో శుభ్రంగా పని ముగిస్తుంది. మంచుదేశంలో ఇంత వేడి ఈస్ట్ ఎలా పుట్టిందని అప్పుడు ఆశ్చర్యపోయాను. ఆ తెల్లవారుజామున నిమ్మూలో ఆ ఆశ్చర్యం తీరింది. మరిగించడం ఎలాగూ తప్పదు. మరిగినదాంట్లో ఉన్న వేడి ఉచితం. చలిదేశపు మనిషి దాన్ని పూర్తిగా ఎందుకు పారబోసుకుంటాడు?

చప్పుడుకు ఆమా-లే లేచి వచ్చింది. చెయ్యి దూర్చి చూసి, సంచి మెడ దగ్గర చుట్టిన నా దుప్పటిని ఒక మడత వదులు చేసింది. ఇంకా పెరిగితే చేదు పడుతుందట. కప్పడం ఎంత అవసరమో, సమయానికి విప్పడం అంత అవసరం. తర్వాత అద్దాల గది వైపు చూపించి, నా చిన్న సంచి తెమ్మంది. దాన్ని పెద్ద సంచికి ఆనించి, అదే రజాయి లోపల సర్దింది. మిత్రుడు నిద్రలో ఉన్నాడు కాబట్టి అనువదించేవాళ్లు లేరు. తన వచ్చీరాని హిందీలో అంది. "అక్క పక్కన పడుకుంటే లేస్తుంది."

లేచింది, కొంతవరకు. సాయంత్రానికి తీపి వాసన వచ్చింది గానీ వెనక పులుపు పోలేదు. దాన్ని పెద్దదాంట్లో కలపలేదు. కింది అంతస్తులో జోమోకు పెట్టారు, జడలబర్రెకూ ఆవుకూ పుట్టిన పాడిపశువది. అది ఇష్టంగా తింది.

*

నాలుగోరోజు గింజలు సంచిలోంచి కుండలోకి మారాయి. పెద్ద మట్టికుండ. నింపి, మూతికి గుడ్డ కట్టి, మట్టీ పేడా కలిపి మెత్తింది. ఇక గాలి తగలకూడదు. కుండ స్థానం మూల కాదు, వంటింటి పక్కన సామాను గది.  అక్కడ ఇంకాస్త చల్లగా ఉంటుంది. మొదటి పరుగు అయిపోయింది, ఇక నెమ్మది కావాలి. బీరులోనూ అంతే. మొదట్లో వెచ్చగా ఉంచి బలంగా మొదలుపెట్టించి, తర్వాత కాస్త చల్లటిచోట నిలబెడితే రుచి కుదురుతుంది.

ఆ తర్వాతి రోజులు త్వరగా గడిచాయి. మధ్యలో గల్దాన్ నమ్‌ఛోత్ వచ్చింది, త్సోంగ్‌ఖాపా గురువు పేరిట దీపాల రాత్రి. మిద్దెలమీద, కిటికీల్లో, బజారు గోడలమీద వరసలుగా దీపాలు. మన దీపావళి అమావాస్యనాటి ఊరులాగే ఉంది, కాకపోతే దీపం పెట్టిన వేళ్లను వెంటనే చంకల్లో దాచుకోవాలి. లోసర్ ముందురోజు వంటింటి గోడలమీద, దూలాలమీద ఆమా-లే పిండితో కొమ్ముల కొండమేకల్ని గీసింది. సంక్రాంతికి అమ్మ ముగ్గు పెట్టే వేళ్ల కదలికే. చీకటిపడ్డాక కుర్రవాళ్లు మండే కట్టెలు తిప్పుకుంటూ ఊరిబయటికి పరుగెత్తారు. దాన్ని మేథో అంటారు, పాత ఏడాది చెడును సాగనంపడం.

లోసర్ పొద్దున కుండ విప్పారు. గోరువెచ్చటి నీళ్లు పోసి, కాసేపు ఊరనిచ్చి, వడగట్టారు. మొదటి వడపోత చిక్కన, మళ్లీ నీళ్లు పోస్తే వచ్చేది పలచన. పిప్పి బంగ్మా పశువులకు పోతుంది. మొదటి గిన్నె పొయ్యికీ ఇంటి దేవతకూ. తర్వాత ఇంట్లో అందరికంటే పెద్దాయనకు, ఆయన గిన్నె అంచున వెన్నముద్ద అంటించి. దాన్ని కల్‌చోర్ అంటారు, శుభానికి. నా గిన్నె అంచునా అంటించారు.

తెల్లగా, పలుచటి మజ్జిగలా ఉంది. మొదట పులుపు, వెంటనే బార్లీ తీపి, చివర్లో గొంతులో చిన్న వెచ్చదనం. కళ్లు మూసుకుంటే పొద్దున్నే దించిన ఈతకల్లుకు దగ్గర చుట్టం. తాత ఉంటే ఒక గుక్క తాగి, లొట్టి అడుగుకు చూసేవాడు. కల్లు లొట్టిని ఆయన ఎప్పుడూ తళతళలాడేట్టు తోమేవాడు కాదు. నిన్నటి మడ్డి కొంచెం ఉంటేనే ఇవాళ్టిది లేస్తుందనేవాడు. ఆయనకు తోడు వెతుక్కోవాల్సిన పని లేదు, వెచ్చదనం వెతుక్కోవాల్సిన పని అసలే లేదు. ఆ రెండూ ఉంటే చాలనుకునే ఊరొకటి ఉందని ఆయనకు చెప్పాలనిపించింది. వేడెక్కేముందు ఆమా-లే సంచిని ఎలా చుట్టిందో, వేడెక్కాక ఎలా విప్పిందో కూడా. విప్పడం గురించి చెబితే ఆయనకు వెంటనే అర్థమయ్యేది.

"దోన్-లే" అంది ఆమా-లే. రెండుసార్లు వద్దన్నాను.

పండగ రాత్రి పడుకోబోతుంటే మంచంమీద మూడో దుప్పటి మడతపెట్టి ఉంది. సంచికి ఇక దాని అవసరం లేదు. ఉతకలేదు, ఆ చలిలో ఉతికితే ఆరదు. కప్పుకున్నాను. ఒక మూల గట్టిగా, కాస్త జిగటగా ఉంది. అక్కడ బార్లీ తీపి, ఎండుగడ్డి, పేడపొగ కలిసిన వాసన వస్తోంది. ఆ మూలను ముఖందాకా లాక్కొని పడుకున్నాను.